పొరుగువారి మాటకు సాక్ష్యం: పాలస్తీనా కవిత్వం, మన సంఘీభావం

(న్యూజెర్సీలో మన వేదిక మిత్రులు ఏర్పాటు చేసిన బహుభాషా కవితా పఠనానికి ముందు చేసిన ప్రసంగ పాఠం. చదవడానికి వీలుగా అక్కడక్కడా స్వల్పంగా మార్చాం. పాఠకుల అభిప్రాయాలకు ఆహ్వానం.)



శనివారం సాయంత్రం పిల్లల సంగీతం క్లాసులూ పుట్టినరోజు పార్టీలూ పక్కనబెట్టి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. కాసేపట్లో అరబిక్, హీబ్రూ, ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు భాషల్లో కవితలు వినబోతున్నాం. చదివేవాళ్లలో ముస్లింలున్నారు, యూదులున్నారు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమూ లేదనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకంటే ముందు నాలుగు మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు.

ఈ సభ గురించి తెలిసిన దగ్గర్నుంచీ మన మిత్రుల దగ్గర మూడు ప్రశ్నలు వింటున్నాను. ఒకటి, అది ముస్లింలకీ యూదులకీ మధ్య మతం గొడవ కదా, మధ్యలో మనకేం పని? రెండు, బాంబులు పడేచోట కవిత్వం ఏం చేస్తుంది? మూడు, అన్ని మతాలవాళ్లూ కలిసి చదవడమంటే చివరికి "అందరం ఒక్కటే" అని చప్పట్లు కొట్టి, సమోసాలు తిని ఇంటికెళ్లడమే కదా?

మూడూ అడగదగ్గ ప్రశ్నలే. మూడోది అన్నిటికంటే కష్టమైనది. వరసగా చూద్దాం.

ముందు మతం గొడవ సంగతి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఊళ్లు విడిచిపోవలసి వచ్చింది. వాళ్లలో ముస్లింలే కాదు, క్రైస్తవులూ ఉన్నారు. ఇజ్రాయెల్ సరిహద్దుల లోపల మిగిలిపోయిన అరబ్బులు 1966 దాకా సైనిక పాలన కింద బతికారు. పక్క ఊరికి వెళ్లాలన్నా పర్మిట్ కావాలి. మనం ఇవాళ పాలస్తీనా ప్రతిఘటనా కవిత్వం అంటున్నది ఆ పర్మిట్ల రోజుల్లో గట్టిపడింది. ఆ కవులెవరో ఒకసారి చూడండి.

మహమూద్ దర్వీష్ గలిలీ ప్రాంతంలోని అల్ బిర్వా అనే ముస్లిం, క్రైస్తవ కుటుంబాలున్న గ్రామంలో 1941లో పుట్టాడు. 1948 తర్వాత ఆ ఊరు లేదు. పర్మిట్ లేకుండా ప్రయాణించినందుకు, కవిత్వం చదివినందుకు ఎన్నోసార్లు జైలుకో గృహనిర్బంధానికో గురయ్యాడు. సమీహ్ అల్ ఖాసిం ద్రూజ్ మతస్తుడు. ద్రూజ్ యువకులు ఇజ్రాయెల్ సైన్యంలో తప్పనిసరిగా చేరాలని 1956లో నిబంధన వస్తే, చేరనని చెప్పి జైలుకెళ్లాడు. తౌఫీఖ్ జయ్యాద్ కమ్యూనిస్టు. క్రైస్తవులూ ముస్లింలూ కలిసి ఉండే నజరేతు పట్టణానికి 1975లో మేయరై, 1994లో చనిపోయేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. కమాల్ నాసిర్ ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు, కవి, పాలస్తీనా విమోచన సంస్థ అధికార ప్రతినిధి. 1973 ఏప్రిల్‌లో బీరూట్‌లో ఇజ్రాయెల్ దాడిలో చనిపోయాడు. ఫద్వా తూఖాన్ నబ్లూస్ నగరంలో ఒక సంప్రదాయ ముస్లిం కుటుంబం నుంచి వచ్చిన స్త్రీ.

అంటే ఈ కవిత్వం పుట్టుకతోనే ఒక మతానికి చెందింది కాదు. భూమి పోయిన వాళ్లది, ఊరు పేరు మ్యాపులోంచి పోయిన వాళ్లది. దాన్ని మతం గొడవ అనేస్తే ఆ భూమి సంగతి మాట్లాడక్కర్లేకుండా పోతుంది. ఆ సౌకర్యం ఎవరికో మీకు చెప్పక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న, కవిత్వం ఏం చేస్తుందని. సైనిక పాలనలో పుస్తకం అచ్చు వేయాలంటే సెన్సారు, సభ పెట్టాలంటే అనుమతి. కానీ కవిత నోట్లో పట్టుకుపోవచ్చు. పెళ్లిళ్లలో, ఊరి కూడళ్లలో కవి చదివితే జనం ఒకటికి రెండుసార్లు విని కంఠతా పట్టి పక్క ఊరికి మోసుకెళ్లేవారు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి తెలిసినవాళ్లకి ఇది వింతేం కాదు. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల్ని పోరాటానికి వాడుకున్నప్పుడు జరిగింది అదే. జనానికి అలవాటైన రూపం, అచ్చు యంత్రం అక్కర్లేని రూపం. అక్కడ జరుగుతున్న ఈ సృజనకి "ప్రతిఘటనా సాహిత్యం" అని పేరుపెట్టి 1966లో పుస్తకం రాసినవాడు ఘస్సాన్ కనఫానీ. 1972లో బీరూట్‌లో కారు బాంబుతో ఆయన్ని చంపారు. కవిత్వం వల్ల ఏమీ కాదని కవుల్ని చంపేవాళ్లు అనుకుంటున్నట్టు లేదు.

2000 సంవత్సరంలో ఇజ్రాయెల్ విద్యామంత్రి యోస్సీ సరీద్ దర్వీష్ కవితలు కొన్ని హైస్కూలు పిల్లలకి ఐచ్ఛిక పాఠాలుగా పెడదామన్నాడు. పార్లమెంటులో పెద్ద గొడవైంది. దానికింకా సమయం రాలేదని ప్రధాని ఎహూద్ బరాక్ పక్కన పెట్టేశాడు. అణ్వాయుధాలున్నాయని లోకమంతా నమ్మే దేశానికి నాలుగు పద్యాలంటే భయం వేసింది. ఆ దర్వీష్ 2008 ఆగస్టులో గుండె ఆపరేషన్ కోసం వచ్చి, మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న హ్యూస్టన్‌లోనే కన్నుమూశాడు.

మూడో ప్రశ్న దగ్గరికి వస్తాను. అన్ని మతాల వాళ్లూ కలిసి కవిత్వం చదవడం ఎప్పుడు మర్యాద కార్యక్రమం అవుతుంది, ఎప్పుడు ప్రతిఘటన అవుతుంది? నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. నా ఉద్దేశంలో, మన మతం కానివాళ్ల మాటని రాజ్యం నేరంగా చదివినప్పుడు, "ఆ మాటకి అర్థం అది కాదు" అని మనం బోనెక్కి సాక్ష్యం చెబితే అది ప్రతిఘటన. అంతకు తక్కువైనదంతా మర్యాదే. మర్యాద చెడ్డదని కాదు, కానీ దానికి ఖర్చేమీ లేదు.

ఒక కేసు చెబుతాను. నజరేతు దగ్గర రేనే అనే ఊళ్లో దారీన్ తాతూర్ అనే యువ కవయిత్రి ఉండేది. 2015 అక్టోబర్‌లో ఆమె ఒక కవితని వీడియోతో ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఇజ్రాయెల్ పోలీసులు తెల్లవారకముందే వచ్చి అరెస్టు చేశారు. హింసని రెచ్చగొట్టిందని కేసు. కొన్ని నెలలు జైలు, తర్వాత ఏళ్ల తరబడి గృహనిర్బంధం, ఇంటర్నెట్ ముట్టుకోకూడదని షరతు. 2018లో శిక్ష వేశారు, ఐదు నెలలు.

ఆ కేసంతా ఒక అనువాదం మీద నడిచింది. ఆమె అరబిక్ కవితని కోర్టు కోసం హీబ్రూలోకి అనువదించింది ఒక పోలీసు. వివాదం ముఖ్యంగా "షహీద్" అన్న మాట గురించి. ప్రాసిక్యూషన్ లెక్కలో షహీద్ అంటే దాడి చేస్తూ చచ్చిన టెర్రరిస్టు. పాలస్తీనా వాడుకలో షహీద్ అంటే అన్యాయంగా చంపబడ్డ ఎవరైనా. బడికెళ్తూ తూటా తగిలిన పిల్లాడూ షహీదే, నిద్రలో ఇల్లు కూలి చనిపోయిన ముసలామె కూడా షహీదే.

తెలుగువాళ్లకి ఈ గొడవ అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు. మనకి "అమరుడు" అనే మాట ఉంది. కార్గిల్‌లో చనిపోయిన సైనికుడు అమరుడు. ఎన్‌కౌంటర్‌లో పోయిన విప్లవకారుణ్ణి వాళ్లవాళ్లు అమరుడంటారు. నక్సలైట్ల చేతిలో పోయిన కానిస్టేబుల్‌ని పోలీసు శాఖ అమరుడంటుంది. 1969లో తెలంగాణ కోసం కాల్పుల్లో పోయిన విద్యార్థులకి హైదరాబాద్ గన్ పార్క్‌లో అమరవీరుల స్తూపం కట్టారు. ఇప్పుడు ఎవరైనా పరాయి పోలీసు అధికారి, "అమరుడు అంటే సాయుధుడు, కాబట్టి ఈ పదం రాసినవాళ్లందరూ సాయుధుల్ని పొగిడినట్టే" అని కోర్టుకి రాసిచ్చాడనుకోండి. మనలో ఎంతమంది కవులు బయట ఉంటారు?

దారీన్ తాతూర్ కేసులో ఆమె తరఫున బోనెక్కింది ఎవరో తెలుసా? నిస్సీం కాల్డెరాన్ అనే హీబ్రూ సాహిత్యాచార్యుడు. యోనీ మెండెల్ అనే అరబిక్ పండితుడు, అనువాదకుడు. ఇద్దరూ యూదులే, ఇజ్రాయెల్ పౌరులే. ఒకరు కవి స్వేచ్ఛ గురించి చెప్పారు, ఇంకొకరు ఆ పోలీసు అనువాదంలో ఏ మాట ఎక్కడ వంకరపోయిందో చెప్పారు. బయట 150 మందికి పైగా రచయితలు, మేధావులు ఆమెని విడుదల చేయమని సంతకాలు పెట్టారు. వాళ్లలో ఆలిస్ వాకర్ ఉంది, యూదు రచయిత్రి నయోమీ క్లైన్ ఉంది. చివరికి 2019లో పైకోర్టు మిగతా పోస్టుల మీద శిక్షని ఉంచి, కవిత విషయంలో మాత్రం నేరం కొట్టేసింది. కవిత్వాన్ని కవిత్వంగా చదవాలని ఒప్పుకోవడానికి మూడున్నరేళ్లు పట్టింది.

చిత్రమేమిటంటే, షహీద్ అన్న అరబిక్ మాటకి మూలార్థం సాక్షి.

ఇలాంటి సాక్ష్యాలు ఇంకా ఉన్నాయి. 1982లో బీరూట్‌లోని సబ్రా, షతీలా కాందిశీకుల శిబిరాల్లో ఊచకోత జరిగినప్పుడు నల్లజాతి అమెరికన్ కవయిత్రి జూన్ జోర్డాన్ పాలస్తీనా పక్షాన రాసింది. అమెరికాలో అప్పట్లో అలా రాయడం అంటే తలుపులు మూసుకుపోవడమే. 2008లో పారిస్ పుస్తక ప్రదర్శన ఇజ్రాయెల్‌ని గౌరవ అతిథిగా పిలిస్తే, ఇజ్రాయెలీ హీబ్రూ కవి అహరోన్ షబ్తాయ్ నేను రానన్నాడు. అమెరికాలో పేరున్న యూదు కవయిత్రి ఏడ్రియన్ రిచ్ 2009లో సాంస్కృతిక బహిష్కరణ పిలుపుని బలపరిచింది. వీళ్లెవరూ తమ మతాన్నో భాషనో వదులుకోలేదు. తమవాళ్లు వినడానికి ఇష్టపడని మాట తమవాళ్ల మధ్యనే నిలబడి చెప్పారు.

సాక్ష్యం ఎప్పుడూ కోర్టులోనే ఉండదు. తాహా మొహమ్మద్ అలీ సంగతి చూడండి. 1931లో సఫ్ఫూరియా అనే ఊళ్లో పుట్టాడు. నాలుగేళ్ల చదువు. 1948 జూలైలో బాంబులు పడితే కుటుంబం లెబనాన్‌కి పారిపోయింది. ఏడాది తర్వాత దొంగతనంగా తిరిగొచ్చేసరికి ఊరు లేదు. నజరేతులో స్థిరపడి, క్రైస్తవ యాత్రికులకి జ్ఞాపికలు అమ్మే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పగలు శిలువలూ ఒంటె బొమ్మలూ అమ్మే ఆ ముస్లిం, రాత్రిళ్లు కూర్చుని సాహిత్యం చదువుకున్నాడు. మొదటి పుస్తకం వచ్చేసరికి యాభై దాటాయి. ఆయన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది పీటర్ కోల్, గేబ్రియల్ లెవిన్ అనే ఇద్దరు యూదు కవులు, యహ్యా హిజాజీ అనే పాలస్తీనీయుడు కలిసి. ఆయన జీవిత చరిత్ర రాసి 2009లో వెలువరించింది అడీనా హాఫ్‌మన్ అనే యూదు రచయిత్రి. కూల్చేసిన ఊరి ఆనవాళ్లు వెతుక్కుంటూ ఆమె ముసలివాళ్ల మాటల్నీ సైనిక దస్తావేజుల్నీ పక్కపక్కన పెట్టి చదివింది. 2006లో ఇదే న్యూజెర్సీలో జరిగే డాడ్జ్ కవితోత్సవంలో తాహా అరబిక్‌లో చదివితే, పీటర్ కోల్ పక్కన నిలబడి ఇంగ్లీషులో చదివాడు. అనువాదం అంటే ఒకరి జ్ఞాపకానికి ఇంకొకరు పూచీ పడటం.

ఇప్పుడు గాజా. రిఫాత్ అల్ అరీర్ గాజా ఇస్లామిక్ యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాడు. తన విద్యార్థులకి షేక్‌స్పియర్ "మర్చంట్ ఆఫ్ వెనిస్" పాఠం చెప్పాడు. గోడల మధ్య పెరిగిన ఆ పిల్లలు షైలాక్ అనే యూదుణ్ణి దుర్మార్గుడిగా చూడటంతో ఆగకుండా, మతం పేరుతో అవమానాలు పడ్డ మనిషిగా, తమలాంటివాడిగా గుర్తించారని ఆయన రాశాడు. పరాయి మతం వాడి బాధని చదవడం ఎలాగో ఆ క్లాసులో నేర్పారు. 2023 డిసెంబర్ 6న వైమానిక దాడిలో ఆయనా, ఆయన అన్నదమ్ముల్లో ఒకరూ, ఒక సోదరీ, ఆమె పిల్లలూ చనిపోయారు. అంతకు ఐదు వారాల ముందు తాను మళ్లీ బయటపెట్టిన పాత కవిత ఒకటి ఆ తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. అంతకు ముందే, అక్టోబర్ 20న, ఖాన్ యూనిస్‌లో కవయిత్రి, నవలా రచయిత్రి హిబా అబూ నదా చనిపోయింది. గాజా ఆరోగ్య శాఖ లెక్కల్లో 2025 అక్టోబర్ కాల్పుల విరమణ నాటికి చనిపోయిన వారు 67 వేలకు పైనే.

"మరి అక్టోబర్ 7 సంగతో?" అని అడిగే మిత్రులు ఇక్కడా ఉన్నారు. అడగాలి. 2023 అక్టోబర్ 7న హమాస్, దానితో వచ్చిన సాయుధులు దాదాపు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. ఎక్కువమంది పౌరులే. చనిపోయినవాళ్లలో వివియన్ సిల్వర్ ఉంది. గాజా రోగుల్ని ఇజ్రాయెల్ ఆసుపత్రులకి తన కారులో తీసుకెళ్లిన డెబ్బై నాలుగేళ్ల శాంతి కార్యకర్త. ఆమె చావుని దాటేసి పోయే సంఘీభావం నాకక్కర్లేదు. యూదుల్ని యూదులైనందుకు తిట్టే కవితకి ఈ వేదిక మీద చోటు లేదు. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ 1,200 మంది పేరు చెప్పి పదుల వేలమందిని చంపడం న్యాయం అవదు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి అనగలగాలి. 2006 నుంచీ ఏటా ఇజ్రాయెలీలూ పాలస్తీనీయులూ కలిసి తమ తమ మృతుల్ని ఒకే వేదిక మీద తలుచుకునే సంస్మరణ సభ జరుగుతోంది. బయట నినాదాలు చేస్తూ ద్రోహులని తిట్టేవాళ్లుంటారు, అయినా జరుపుతున్నారు.

ఇక మన సంగతి. భారతదేశం 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకి వ్యతిరేకంగా ఓటేసింది. 1988లో పాలస్తీనాని దేశంగా గుర్తించింది. 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ప్రభుత్వాలు అలా మారుతుంటాయి. కవులు ఏం చేశారో చూద్దాం. జియా ఉల్ హక్ పాకిస్తాన్‌ని పట్టుకున్నాక దేశం విడిచిన ఫైజ్ అహ్మద్ ఫైజ్ బీరూట్‌లో ఉండి, 1982 ముట్టడి దాకా ఆఫ్రో ఆసియా రచయితల పత్రిక "లోటస్" నడిపాడు. పాలస్తీనా పిల్లల మీద రాశాడు. అదే ఫైజ్ 1979లో జియా మీద రాసిన నజ్మ్‌ని 2019 డిసెంబర్‌లో ఐఐటీ కాన్పూర్ విద్యార్థులు చదివితే, అది హిందూ వ్యతిరేకమని ఫిర్యాదు వచ్చింది, విచారణకి కమిటీ వేశారు. ఇస్లాం పేరుతో పాలించే నియంతని ఇస్లాం ప్రతీకలతోనే నిలదీసిన కవిత అది. విగ్రహం అన్న మాట వినగానే మన గుడి గురించే అనుకున్నారు. నజరేతులో పోలీసు చేసిన అనువాదం, కాన్పూర్‌లో వచ్చిన ఫిర్యాదు ఒకే పద్ధతి. ఎదుటివాడి పవిత్ర పదాన్ని వాడి అర్థంలో వినననడం.

మనకి వేరే సంప్రదాయం కూడా ఉంది. దాశరథి కృష్ణమాచార్య నిజాం మీద పోరాడి జైలుకెళ్లిన వైష్ణవ కుటుంబీకుడు. ఆ నిజాం రాజభాష ఉర్దూ. ఆ కోపంలో ఉర్దూని పారేయలేదు. 1961లో "గాలిబ్ గీతాలు" తెచ్చాడు. పాలకుడి మీద కోపం వేరు, భాష మీద, మతం మీద ద్వేషం వేరని ఆయనకి తెలుసు.

కానీ సంప్రదాయం ఉందని మురిసిపోవడంతో సరిపోదు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో "పుట్టుమచ్చ" రాశాడు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో "జల్‌జలా" వచ్చింది. మన భాషలోనే, మన వీధి పక్కనే ఉన్న ముస్లిం, "నన్ను ఎందుకు అనుమానిస్తారు?" అని అడిగిన కవిత్వం అది. మన ఇళ్లలో ఎన్నిట్లో ఆ పుస్తకాలున్నాయి? గాజా పిల్లాడి కోసం కన్నీళ్లు పెట్టుకుని, ఊళ్లో ముస్లింకి ఇల్లు అద్దెకివ్వొద్దనే వాట్సాప్ మెసేజ్ చూసీ చూడనట్టు ఊరుకుంటే, దూరపు దుఃఖం మీద మనకున్నది సులువైన ప్రేమే. అక్కడి యూదు ఆచార్యుడు తన కోర్టులో, తనవాళ్ల ముందు సాక్ష్యం చెప్పాడు. మన కోర్టు మన కుటుంబాల గ్రూపులే.

ఇక్కడ భయం కూడా ఉంది, నిజమే. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీ టర్కీ విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్‌ని వీధిలో ముసుగులేసుకున్న అధికారులు పట్టుకెళ్లారు. విద్యార్థి పత్రికలో మరో ముగ్గురితో కలిసి ఒక వ్యాసం రాసినందుకే ఆమె మీద కన్నుపడిందన్నది ఆమె న్యాయవాదుల వాదన. ఆరు వారాలు లూసియానాలో నిర్బంధించాక జడ్జి విడిపించాడు. హెచ్ 1బీ మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను ధైర్యం నూరిపోయను. వాళ్ల మౌనానికి కారణం ఉంది. సిటిజన్‌షిప్ తీసుకుని పదేళ్లయి, ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కాలేజీలకి పంపిన మనలాంటి వాళ్ల మౌనానికి కారణమేంటి? వీసా మీద ఉన్నవాళ్లు మాట్లాడలేని చోట మాట్లాడటం మన వంతు.

చివరగా మూడు పనులు. ఒకటి, ఇవాళ విన్న కవితల్లో ఒక్కటైనా తెలుగులోకి తేవడం. ఇంగ్లీషు ఒక్కదాని మీద ఆధారపడకండి. అరబిక్ తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, షహీద్ లాంటి ప్రతి మాటా అడిగి తెలుసుకోండి. రెండు, వచ్చే సమావేశానికి తెలుగు ముస్లిం కవిత్వం మీదే పూర్తి పూట కేటాయించడం. పాలస్తీనా గురించి మాట్లాడే అర్హత మనకి అక్కణ్ణుంచి వస్తుంది. మూడు, మన కుటుంబ గ్రూపుల్లో ఏ మతం వాళ్ల మాటనైనా వంకరతిప్పి పంచితే, మర్యాద కోసం ఊరుకోకుండా, అర్థం అది కాదని ఒక్క వాక్యం రాయడం. చుట్టాలకి కోపమొస్తుంది. రానివ్వండి.

నా సమయం అయిపోయింది. ఇక కవుల మాట విందాం. ముందుగా అరబిక్‌లో చదువుతారు, తర్వాత దాని తెలుగు. అరబిక్ చదువుతున్నప్పుడు అర్థం కాలేదని ఫోన్లు తీయకండి, దయచేసి వినండి.

సెలవు.